ఉమ్మడి పనిలో ఎర్ర గుర్తు

యూనిట్ టెస్టు అనే మాట మీకు కొత్త కాదు. పాఠ్యపుస్తకంలో ఒక భాగం పూర్తి కాగానే ఉపాధ్యాయులు పెట్టే చిన్న పరీక్ష అది. సంవత్సరం చివర జరిగే పెద్ద పరీక్షలో తప్పితే దిద్దుకోవడానికి సమయం ఉండదు. చిన్న పరీక్షలో తప్పితే, ఎక్కడ తప్పామో అప్పుడే తెలుస్తుంది. ఆ ఒక్క పాఠాన్ని మళ్ళీ చదువుకొని ముందుకు పోవచ్చు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడా యూనిట్ టెస్టులు ఉంటాయి. తెలుగు ఎం.ఏ. చదివి, వ్యాకరణమూ ఛందస్సూ పాఠం చెప్పుకొంటూ వచ్చిన నాకు ఆ సంగతి వివరంగా తెలిసింది ఏ హైదరాబాదులోనో బెంగుళూరులోనో కాదు, మన రాయగడలోనే. తెలియజెప్పినది నా దగ్గర తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి. 2020లో కరోనా కారణంగా చాలామంది ఉద్యోగులు ఇళ్ళ నుండే పని చేయవలసి వచ్చింది గదా! ఆమె కూడా అప్పుడు సొంత ఊరికి వచ్చి కొన్ని నెలలు ఇక్కడే ఉన్నది. ఉద్యోగం పని ముగిసిన తరువాత, సాయంకాలాలు మరికొందరితో కలిసి ఒక ఉమ్మడి పని చేసేది. పిల్లల కోసం తెలుగులో గళ్ళ నుడికట్టు తయారుచేసే ప్రోగ్రాము అది. దానికి జీతం లేదు, యజమాని లేడు. విశాఖపట్నంలో ఒకరు, హైదరాబాదులో ఇద్దరు, అమెరికాలో ఒకరు, రాయగడలో ఈమె. ఎవరికి తీరిక దొరికినప్పుడు వారు కొంత వ్రాసి పంపుతారు. అన్నీ కలిసి ఒక మూలప్రతి అవుతుంది.

నుడికట్టు కూర్చాలంటే ముందు మాటను అక్షరాలుగా విడదీయాలి. మనకు అది ఒకటవ తరగతి పని. ‘రాయగడ’ అంటే నాలుగు అక్షరాలు, నాలుగు గళ్ళు. కాని కంప్యూటరుకు అక్షరం అంటే మనం అనుకొనే అక్షరం కాదు. అది హల్లును ఒకటిగా, గుణింతపు గుర్తును మరొకటిగా, పొల్లును ఇంకొకటిగా దాచుకొంటుంది. ప్రపంచ భాషల లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 స్థానాలున్న ఒక విభాగం ఉన్నది. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు చేరింది. ఆ లెక్కలో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ‘కోరాపుట్’ ఎనిమిది గుర్తులు. ఈ గుర్తులను మళ్ళీ మన అక్షరాలుగా కూర్చడం ప్రోగ్రాము పని.

అది సరిగా కూరుస్తున్నదో లేదో ఎలా తెలుస్తుంది? అందుకే పరీక్షలు. “స్త్రీ అని ఇస్తే ఒక గడి రావాలి. రాయగడ అని ఇస్తే నాలుగు గళ్ళు రావాలి.” ఇలా ప్రశ్న, దానికి రావలసిన జవాబు, రెండూ ముందే వ్రాసి పెడతారు. ప్రోగ్రాములో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా ఈ పరీక్షలన్నీ వాటంతట అవే నడుస్తాయి. జవాబు సరిపోతే ఆకుపచ్చ గుర్తు, సరిపోకపోతే ఎర్ర గుర్తు. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జ్యూరిక్ నుండి అట్లాంటాలో జరిగే ఒక సదస్సుకు విమానంలో వెళుతూ, దారిలోనే ఇటువంటి పరీక్షలు నడిపే ‘జేయూనిట్’ అనే సాధనాన్ని వ్రాశారు. ఇప్పుడు ప్రపంచమంతటా ప్రోగ్రాములు వ్రాసేవారు అటువంటి సాధనాలను వాడుతున్నారు.

ఈ పద్ధతి మన జిల్లాలకు కొత్తది కాదు. కోరాపుట్ పక్కన సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ వారి ఇంజనుల కర్మాగారం ఉన్నది. మిగ్ విమానాలకు ఇంజనులు చేయడానికి 1964లో దానిని నెలకొల్పారు. ఇటువంటి కర్మాగారాలలో ఇంజనును కూర్చిన తరువాత ఒకేసారి పరీక్షించి ఊరుకోరు. అందులో పెట్టే ప్రతి భాగాన్నీ విడిగా కొలుస్తారు, పరీక్షిస్తారు. తరువాత పూర్తి ఇంజనును బల్లకు బిగించి నడిపి చూస్తారు. ఒక్క రెక్కలో పగులు ఉన్నట్లు నేలమీద తెలిస్తే ఆ రెక్కను మారుస్తారు. అదే గాలిలో తెలిస్తే మార్చడానికి ఎవరూ ఉండరు. మన రైతులు కూడా విత్తనాలను మడిలో చల్లే ముందు కొన్నింటిని తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టుకొంటారు. మొలక రాకపోతే పోయేది గుప్పెడు గింజలు. చూడకుండా చల్లితే పోయేది పంటకాలం.

ఒకనాడు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, “మాస్టారూ! కోరాపుట్ అనే మాటలో అక్షరాలెన్ని?” అని అడిగింది. ఇంత చదువుకొన్న పిల్ల ఇటువంటి ప్రశ్న వేసిందంటే ఏదో కారణం ఉంటుందని, “ముందు సంగతేమిటో చెప్పమ్మా” అన్నాను. ఆమె చెప్పినది ఇది.

ముందురోజు సాయంకాలం ఆమె తన మార్పు ఒకటి సిద్ధం చేసుకొని, మూలప్రతిని తెచ్చుకొని పరీక్షలు నడిపింది. మూడు ఎర్రబడ్డాయి. ఆ మూడూ మన ప్రాంతపు ఊళ్ళ పేర్లు: కోరాపుట్, నందపూర్, దామన్‌జోడి. మొదటి రెండు మాటలకూ నాలుగేసి గళ్ళు రావలసి ఉండగా మూడేసి వస్తున్నాయి. మూడవదానికి ఐదు రావలసి ఉండగా నాలుగు వస్తున్నాయి. ఆ పరీక్షలను అంతకుముందు చేర్చినది ఆమే. మిగిలినవారు అమ్మ, పుస్తకం, స్త్రీ, విద్య వంటి మాటలు వ్రాశారు. అవన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఇటువంటప్పుడు మనిషికి తోచే మొదటి ఆలోచన, “ఇది నా వల్ల జరిగింది కాదు” అని. ఆమె ఆ మాటను నమ్మి ఊరుకోలేదు. తన మార్పును పక్కకు పెట్టి, మూలప్రతిని ఉన్నది ఉన్నట్లుగా పరీక్షించింది. అప్పుడు కూడా మూడూ ఎర్రగానే ఉన్నాయి. అంటే తప్పు తన మార్పులో లేదు. కాని ఉమ్మడి పనిలో “నాది కాదు” అని తేలడంతో పని పూర్తి కాదు. ఒకరు చూసి ఊరుకొని, మరొకరు చూసి ఊరుకొంటే తిలాపాపం తలా పిడికెడు అవుతుంది.

తరువాత, తప్పు ఏ మార్పుతో వచ్చిందో వెదికింది. ఉమ్మడి పనిలో ప్రతి మార్పూ తేదీతో, కారణంతో వరుసగా నమోదై ఉంటుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన ‘గిట్’ అనే సాధనం ఇందుకు పనికివస్తుంది. వెదికే పద్ధతి మీరు నిఘంటువులో మాట వెదికే పద్ధతివంటిదే. మొత్తం మార్పులలో సరిగ్గా నడుమ ఉన్నదానిని తీసి పరీక్షించాలి. అక్కడ ఆకుపచ్చగా ఉంటే తప్పు తరువాతి సగంలో ఉన్నది. ఎర్రగా ఉంటే తప్పు ముందు సగంలో ఉన్నది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేయాలి. 16 మార్పులుంటే నాలుగుసార్లు చూస్తే చాలు. 1,024 ఉన్నా పదిసార్లతో దొరికిపోతుంది. ఆమెకు కొద్ది నిమిషాలలోనే దొరికింది.

ఆ మార్పును పంపినది అమెరికాలో ఉన్న పెద్దమనిషి. ఆయనకు పద్యాలంటే ఇష్టం. నుడికట్టుతో పాటు గురులఘువులను గుర్తించే సదుపాయం కూడా చేర్చాలని ఆయన పూనుకొన్నాడు. పద్యాలలో ‘వచ్చెన్’, ‘పోయెన్’ వంటి మాటలలో పొల్లును విడి అక్షరంగా లెక్కించరు. దాని ముందున్న అక్షరంతో కలిపి, ఆ అక్షరాన్ని గురువుగా తీసుకొంటారు. అందుకని ఆయన అక్షరాలు విడదీసే భాగంలో పొల్లును ముందు అక్షరంతో కలిపేశాడు. ఆయనకు కావలసినది సరిగా వచ్చింది. కాని ఆ భాగం మీదనే నుడికట్టు కూడా ఆధారపడి ఉన్నది.

సభ్యులలో చర్చ జరిగింది. ఒకరు, “రావలసిన జవాబు నాలుగు అని ఉన్నచోట మూడు అని దిద్దేద్దాం, ఆకుపచ్చ అయిపోతుంది” అన్నారు. అది పరీక్షలో తప్పినవాడి కోసం జవాబుల పత్రాన్ని దిద్దినట్లు. మరొకరు, “ఆ ఊళ్ళ పేర్లు నుడికట్టులో ఎవరికి కావాలి? ఆ మూడు పరీక్షలూ తీసివేస్తే సరి” అన్నారు. ఆ మాట అన్నవారికి చెడ్డ ఉద్దేశం లేదు. పని త్వరగా తెమలాలనే తొందర. అయినా ఆ మాట ఈ అమ్మాయికి గుచ్చుకొన్నది. నాకూ గుచ్చుకొన్నది.

అప్పుడు నేను ఆమెకు చెప్పినది ఇది: “అమ్మా! నీ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. గళ్ళ నుడికట్టులో పొల్లు హల్లుకు సొంత గడి ఇస్తాం. కో, రా, పు, ట్ - నాలుగు గళ్ళు. ఛందస్సులో అయితే కో, రా, పుట్ - మూడూ గురువులే. కోరాపుట్ చక్కని మగణం. రెండూ సరియైన జవాబులే. నుడికట్టు జవాబును ఛందస్సుకూ, ఛందస్సు జవాబును నుడికట్టుకూ ఇస్తేనే తప్పు.”

తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి. అందుచేత అమ్మ, పుస్తకం వంటి మాటలతో ఎన్ని పరీక్షలు పెట్టినా ఈ తప్పు బయటపడదు. మూడు భాషలు కలిసే చోట ఉన్న మన ఊళ్ళ పేర్లు కొన్ని పొల్లుతో ముగుస్తాయి, లేదా నడుమ పొల్లును నిలుపుకొంటాయి. అందువల్లనే తప్పు మన పేర్ల దగ్గర పట్టుబడింది. ఆ పరీక్షలను తీసివేసి ఉంటే, రేపు ‘కరీంనగర్’ అని వ్రాయబోయిన పిల్లవాడికి గళ్ళు సరిపోయేవి కావు. ఆ ఇబ్బంది కోరాపుట్‌కు మాత్రమే పరిమితం కాదు.

ఆ రాత్రి ఆమె చేసిన పని నాకు బాగా నచ్చింది. అమెరికాలో ఉన్నాయన చూసుకొనేవరకు మూలప్రతి ఎర్రగా ఉంటే మిగిలినవారి పని ఆగిపోతుంది. కనుక ముందు ఆయన మార్పును తాత్కాలికంగా వెనక్కు తీసింది. దానిని పారవేయలేదు, పక్కన భద్రంగా ఉంచింది. వెంటనే ఆయనకు ఉత్తరం వ్రాసింది. “మీరు తప్పు చేశారు” అని వ్రాయలేదు. ఏ పరీక్షలు తప్పాయో, ఎంత రావలసి ఉండగా ఎంత వచ్చిందో, ఏ మార్పు తరువాత అలా జరిగిందో, తాను ఏమి చేసిందో, ఎందుకు చేసిందో, అంతే వ్రాసింది. ఆయన కూడా నొచ్చుకోలేదు. తరువాత ఇద్దరూ కలిసి ఆ భాగాన్ని రెండుగా చేశారు: గళ్ళ కోసం ఒకటి, గురులఘువుల కోసం ఒకటి. కోరాపుట్ ఇప్పుడు రెండుచోట్లా పరీక్షగా ఉన్నది. ఒకచోట రావలసిన జవాబు నాలుగు గళ్ళు, రెండవచోట మూడు గురువులు.

‘ఆడలేనమ్మ మద్దెల ఓడన్నది’ అని సామెత. పరీక్ష తప్పగానే పరీక్షను నిందించడం అటువంటిదే. అయితే ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడు కావచ్చు. పరీక్ష వ్రాసినవారే జవాబును పొరపాటుగా వ్రాసి ఉండవచ్చు. లేదా పని తీరే మారి, పాత జవాబు చెల్లకపోవచ్చు. అప్పుడు పరీక్షను మార్చవలసినదే. కాని రహస్యంగా కాదు. ఏమి మార్చామో, ఎందుకు మార్చామో వ్రాసి, మరొకరికి చూపించి మార్చాలి.

మరొక రకం పరీక్షలున్నాయి. ప్రోగ్రాములో ఏ మార్పూ లేకపోయినా అవి ఒకనాడు ఎర్రగా, మరునాడు ఆకుపచ్చగా కనిపిస్తాయి. గడియారం మీదనో, ఇంటర్నెట్టు వేగం మీదనో ఆధారపడి వ్రాయడం వల్ల అలా జరుగుతుంది. వీటిని ఉపేక్షిస్తే ‘నాన్నా పులి’ కథ అవుతుంది. పదిసార్లు ఊరకే ఎర్రబడిన గుర్తును పదకొండవసారి ఎవరూ లెక్కచేయరు. ఆ పదకొండవసారి నిజంగా పులి రావచ్చు. అటువంటి పరీక్షను వేరుగా పెట్టి, దాని బాధ్యత ఒకరికి అప్పగించి, కారణం కనిపెట్టి బాగుచేయాలి.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టింపు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. 1996 జూన్ 4న యూరప్ దేశాలవారి ఏరియాన్ 5 రాకెట్టు మొదటిసారిగా ఎగిరింది. సుమారు 40 సెకన్లకే ముక్కలైపోయింది. అందులోని ఒక ప్రోగ్రామును అంతకుముందు ఏరియాన్ 4 రాకెట్టు కోసం వ్రాశారు. అక్కడ అది బాగానే పనిచేసింది. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. 32,767కు మించిన సంఖ్యను పట్టుకోలేని చోట అంతకన్న పెద్ద సంఖ్య వచ్చిపడింది. దానితో దారి చూపే యంత్రం ఆగిపోయింది. కొత్త రాకెట్టు నడిచే తీరుతో ఆ ప్రోగ్రామును నేలమీద పరీక్షించలేదని విచారణ సంఘం తేల్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లయింది.

మన అక్షరాలకు సంబంధించిన సంగతి ఒకటి చెబుతాను. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా వార్తలలోకి ఎక్కింది. విజ్ఞానం అనే మాటలోని ‘జ్ఞా’ అది. తెలుగు వ్రాసేటప్పుడు రెండు హల్లులు ఒత్తుగా కలిసిపోకుండా ఆపడానికి, కంటికి కనిపించని ఒక గుర్తును వాడుతారు. జ, పొల్లు, ఞ, తరువాత ఈ కనిపించని గుర్తు, ఆ తరువాత దీర్ఘం అనే వరుసలో వచ్చినప్పుడు, ఆపిల్ సంస్థవారి ఫోనులలో ఆ అక్షరాన్ని చూపించబోయిన ప్రోగ్రాము ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ సవరణను విడుదల చేసింది. తెలుగు ఒక్క అక్షరం చదవని దేశాలలో కూడా ఫోనులు ఆగిపోయాయి. ఏ భాషనూ “కొద్దిమందిదే గదా” అని పక్కకు నెట్టడానికి వీలులేదని ఆ సంఘటన చూపింది. ఇటువంటి తప్పు దొరికినప్పుడు అనుభవజ్ఞులు ముందు తప్పును దిద్దరు. ఆ తప్పును పట్టి చూపే పరీక్షను వ్రాస్తారు. అది ఎర్రబడుతుంది. తరువాత దిద్దుతారు. అది ఆకుపచ్చ అవుతుంది. ఇక ఎప్పుడు ఎవరు ఏ మార్పు చేసినా, ఆ పాత తప్పు మళ్ళీ దొంగచాటుగా లోపలికి రాలేదు.

విద్యార్థులారా! 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ సీమ విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1992లో కోరాపుట్ జిల్లా నుండి రాయగడ వేరు జిల్లా అయింది. ఎల్లలు ఎలా మారినా ఇక్కడి తెలుగువారి మాట నిలిచి ఉన్నది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు గొప్ప పోషకుడు. అక్కడి శాస్త్ర, సాంకేతిక కళాశాలకు జయపురం పేరు, ఆయన పేరు పెట్టారు. సాహిత్యాన్ని ప్రేమించిన ఆ రాజు విజ్ఞానశాస్త్రం కోసం ధనం ఇచ్చాడు. తెలుగు, విజ్ఞానం వేరువేరు దారులు కావని ఆయనకు తెలుసు.

మీలో కొందరు రేపు ప్రోగ్రాములు వ్రాస్తారు. మరికొందరు రైలు పట్టాల మీద, కర్మాగారాలలో, పొలాలలో, బడులలో పని చేస్తారు. ఎక్కడైనా నలుగురు కలిసి చేసే పనిలో ఎర్ర గుర్తు కనిపిస్తుంది. అప్పుడు ముందు దానిని నమ్మండి. మీ వైపు తప్పు ఉన్నదేమో చూసుకోండి. పదిమంది పని ఆగకుండా ఉపాయం చేయండి. మనిషిని కాక విషయాన్ని పట్టుకొని మాట్లాడండి. పరీక్షను చెరిపివేసి పచ్చరంగు తెచ్చుకోకండి.

ఇంకొక పని కూడా మీరు చేయగలరు. తెలుగు కోసం జరిగే ఇటువంటి ఉమ్మడి పనులలో ఎవరైనా చేరవచ్చు. ప్రోగ్రాము వ్రాయడం రాకపోయినా, “ఈ మాట ఇస్తే ఈ జవాబు రావాలి” అని చెప్పగలిగితే అది ఒక పరీక్ష అవుతుంది. మీ ఊరి పేరు, మీ ఇంటిపేరు, మీ ఇంట మాట్లాడుకొనే మాటలు తెలుగు లిపిలో ఎలా వ్రాయాలో మీకు తెలిసినంతగా దూరాన ఉన్నవారికి తెలియదు. వాటిని పంపండి. ఆ అమ్మాయి ఇప్పుడు మన జిల్లాల ఊళ్ళ పేర్లను ఒక్కొక్కటిగా ఆ పట్టికలో చేరుస్తున్నది. ఏ పేరుకు ఎన్ని గళ్ళో సందేహం వచ్చినప్పుడు నాకు ఫోను చేస్తుంది.